తిగ్రిన్యా క్రియ: కర్తను నిర్ణయించేది ఎవరు?

వాక్యంలో కర్త ఎవరని అడిగితే విద్యార్థి సాధారణంగా అర్థాన్ని చూచి జవాబు చెప్పును. ఈ అలవాటు ఎంతవరకు నమ్మదగినదో తేల్చుటకు తిగ్రిన్యా భాష మంచి గీటురాయి. ఎరిత్రియాలోను, ఇథియోపియా ఉత్తర భాగమైన తిగ్రాయ్‌లోను మాట్లాడే ఈ భాష అరబ్బీ, హీబ్రూలవలె సెమిటిక్ కుటుంబానికి చెందినది. దీనిని గీజ్ లిపిలో వ్రాస్తారు.

"హవ్ అల్లోని" అంటే "నాకు సోదరుడు ఉన్నాడు" అని అర్థం. "హఫ్తి అల్లాత్ని" అంటే "నాకు సోదరి ఉన్నది." చివరి 'ని' "నాకు" అనే అర్థాన్నిచ్చే ప్రత్యయం. మిగిలిన భాగం "ఉండు" అనే క్రియ. అది సోదరుని విషయంలో ఒక విధంగాను, సోదరి విషయంలో మరొక విధంగాను మారినది. ఈ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చితే "నేను" కర్త అగును, సోదరి కర్మ అగును. తిగ్రిన్యా క్రియ మాత్రం సోదరినే అనుసరించుచున్నది. తెలుగులోని "ఉన్నాడు, ఉన్నది" అనే భేదం కూడా ఇట్టిదే. రెండు భాషలకు బంధుత్వం లేకున్నను పోకడ ఒక్కటే. కనుక కర్తను అనువాదంలో వెదకరాదు, క్రియలో వెదకవలెను.

క్రియలో మరొక విశేషమున్నది. "గెజిఉ" అంటే "(అతడు) కొన్నాడు." "గెజిఉలా" అంటే "ఆమె కోసం కొన్నాడు." తెలుగు "కోసం" అని వేరే మాటను చేర్చగా, తిగ్రిన్యా క్రియ చివర 'ల'కార ప్రత్యయంతోనే కొత్త పాత్రను ప్రవేశపెట్టును.

ఈ విషయమే ప్రధానంగా 2011లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో నజరెత్ అమ్లెసోమ్ కిఫ్లె సిద్ధాంత గ్రంథం వెలువడినది. బ్రెస్నన్, కప్లాన్‌లు 1970ల చివర రూపొందించిన వ్యాకరణ పద్ధతి దానికి ఆధారం. వాక్యంలో పదం ఉన్న స్థానాన్ని, అది నిర్వహించే పాత్రను విడివిడిగా చూపుట ఆ పద్ధతి గుణం. తిగ్రిన్యాకు అది చక్కగా అమరినది. ఇక్కడ పాత్ర క్రియలోనే ఇమిడి ఉండవచ్చును గదా. అయితే ఆ సంకేతాలు కొత్తవారికి కఠినం. పటాలతోనే భాష వంటబట్టదు. వుల్ఫ్ లెస్లౌ 1941లో ప్రకటించిన గ్రంథంలో వ్యాకరణంతోపాటు తిగ్రిన్యా పాఠాలు కూడా ఉన్నవి. సిద్ధాంతాన్ని అటువంటి పాఠాల పక్కన పెట్టి చదివినపుడే దాని బలం తెలియును.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. "పని చేయువాడు కర్త" అనే నిర్వచనం "నాకు చెల్లెలు ఉన్నది" అనే చిన్న వాక్యం ముందే తడబడును. ఇక్కడ ఎవరూ ఏ పనీ చేయుట లేదు. నిర్వచనాన్ని వల్లె వేయించుటకు ముందు, క్రియ ఎవరిని అనుసరించి మారుచున్నదో విద్యార్థిచేత చూపించుట మేలు.