డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించాక

పాత ట్రాక్టర్‌కు డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించాక చార్జింగ్ సరిగా లేకపోతే, తప్పు చాలాసార్లు కొత్త ఆల్టర్నేటర్‌ది కాదు, డైనమో కాలం నుంచి మిగిలిన వైరింగ్‌ది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఈ వైరింగ్‌కు కష్టాలు ఎక్కువ. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లొచ్చాక ట్రాక్టర్లు దమ్ము చక్రాలతో రోజంతా బురదలో తిరుగుతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పడతాయి. నాట్ల వేళ సెల్ఫ్ తిరగక ఒక్క పూట ఆగినా రైతుకు నష్టమే. అందుకే ఆల్టర్నేటర్ మార్చే ముందు వరుసగా పరీక్షించాలి.

ముందు ఎర్త్ చూడాలి. బ్రిటిష్ డిజైన్ పాత ట్రాక్టర్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసి ఉండేది. ఇప్పుడు దొరికే ఆల్టర్నేటర్లకు సాధారణంగా నెగటివ్ ఎర్త్ కావాలి. తిరగేసి కలిపితే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. పాత కటౌట్ పెట్టెను కూడా వైరింగ్ నుంచి పూర్తిగా తప్పించాలి. ఎందుకంటే ఆల్టర్నేటర్‌లో కరెంటు వెనక్కి పోకుండా ఆపే పని డయోడ్లది, వోల్టేజీని అదుపు చేసే పని లోపలి రెగ్యులేటర్‌ది.

తర్వాత మల్టీమీటర్ పట్టాలి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ మధ్యస్థ వేగంలో తిరిగేటప్పుడు అది 13.8 నుంచి 14.4 వరకు రావాలి. పెరగకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ లోపం. బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి.

చార్జింగ్ లేనప్పుడు చార్జింగ్ లైటు చూడాలి. ఇది ఉత్త గుర్తు కాదు. ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కావలసిన తొలి కరెంటు దీని గుండానే వెళ్తుంది. కీ తిప్పగానే వెలగకపోతే బల్బు, వైరు, కీ స్విచ్ చూడాలి. ఎల్‌ఈడీ పెడితే ఆ కరెంటు చాలకపోవచ్చు. 2 నుంచి 3 వాట్ల మామూలు బల్బే సరైనది. రేజ్ చేస్తే తప్ప చార్జింగ్ అందుకోకపోతే బల్బునో, డైనమో నుంచి తీసి పెట్టిన పెద్ద పుల్లీనో అనుమానించాలి. ఇంజిన్ తిరుగుతున్నా లైటు ఆరకపోతే మొదట బెల్టు బిగుతు చూడాలి.

ఆల్టర్నేటర్ దగ్గర వోల్టేజీ ఉండి బ్యాటరీకి చేరకపోతే దారిలో నష్టం ఉన్నట్టు. లైట్లు వేసి, ఇంజిన్ తిరుగుతుండగా, ఆల్టర్నేటర్ మెయిన్ టెర్మినల్‌కూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య 0.3 వోల్టులు, ఆల్టర్నేటర్ బాడీకీ నెగటివ్‌కూ మధ్య 0.2 వోల్టులు మించకూడదు. బురద, తుప్పు, పెయింటు మీద బిగించిన ఎర్త్ ఇక్కడే బయటపడుతుంది. లోహం మెరిసేదాకా గీకి, బాడీ నుంచి నెగటివ్‌కు విడిగా ఒక వైరు వేయడం మేలు. డైనమోకు సరిపోయిన సన్నని వైరు, పాత అమ్మీటరు ఆల్టర్నేటర్ కరెంటుకు వేడెక్కి కాలవచ్చు. అందుకే లావు వైరు వేసి, అమ్మీటరు బదులు వోల్టుమీటరు పెట్టుకోవాలి.

రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోతుంటే, కీ ఆపి, నెగటివ్ కేబుల్ విప్పి, ఆ మధ్యలో మీటరును ఆంపియర్లలో కలపాలి. అలా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకూడదు. పాత ట్రాక్టర్‌లో రీడింగ్ దాదాపు సున్నా ఉండాలి. లేకపోతే వైర్లు ఒక్కొక్కటే తీసి చూడాలి. ఆల్టర్నేటర్ మెయిన్ వైరు తీసినప్పుడు కరెంటు ఆగితే డయోడ్ లీకు. చార్జింగ్ లైటు వైరు తీసినప్పుడు ఆగితే, అది కీ ద్వారా కాక నేరుగా బ్యాటరీకి కలిసి ఉంది.

ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పాత అలవాటు పూర్తిగా మానాలి. ఆ దెబ్బకు వోల్టేజీ ఎగిరి డయోడ్లు పోతాయి. ట్రాక్టర్ మీద వెల్డింగ్ చేయించేముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాలి. ఇవన్నీ సరిగా ఉండి కూడా వోల్టేజీ రాకపోతే, అప్పుడే ఆల్టర్నేటర్ విప్పి బ్రష్‌లు, డయోడ్లు, రెగ్యులేటర్ చూడాలి.