లలిత ఒప్పుకుందా?

ఆటిజం ఉన్న మనిషిని అక్కున చేర్చుకోవడం అనగానే తెలుగువాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది ‘స్వాతిముత్యం’. కె. విశ్వనాథ్ తీసిన ఈ సినిమా 1986లో వచ్చింది. శివయ్యకి ఆటిజం అనే పేరు మనం తర్వాత పెట్టింది. అప్పట్లో అతను మనకు అమాయకుడు, అంతే. అమాయకత్వం వేరు, ఆటిజం వేరు. ఆటిజం ఉన్నవాళ్లలో గడుసువాళ్లూ కోపిష్టులూ ఉంటారు, లెక్చరర్లూ ఉంటారు, జీవితమంతా ఒక్క మాటా పలకనివాళ్లూ ఉంటారు. అయినా శివయ్య మీద ప్రేక్షకుల ప్రేమను నేను తప్పు పట్టను. కమల్ హాసన్ నటన అలాంటిది. నా పేచీ అంతా లలిత గురించి.

కథ గుర్తు చేసుకోండి. శివయ్యను బామ్మ పెంచుతూ ఉంటుంది. లలిత భర్తను పోగొట్టుకుని, చిన్న కొడుకుతో ఇతరుల పంచన బతుకుతూ ఉంటుంది. శ్రీరామనవమి నాడు సీతారాముల కళ్యాణం జరుగుతుండగా శివయ్య తాళి తెచ్చి ఆమె మెడలో కట్టేస్తాడు. ఆమెను ఎవరూ అడగలేదు. అడగాలని శివయ్యకు తెలియదు కాబట్టి అతన్ని వదిలేద్దాం. కథ రాసినవాళ్లకు తెలుసు కదా! 1881లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన దగ్గర్నుంచి మన కథల్లో సంస్కరణకు పెళ్లే గమ్యం. ఇక్కడ ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. విధవకు భర్త దొరికాడు, లోకం తెలియనివాడికి ఆలనా పాలనా చూసే మనిషి దొరికింది. ఆ తర్వాత బామ్మ కన్నుమూస్తుంది. ఆమె చేస్తూ వచ్చిన చాకిరీ అంతా లలిత మీద పడుతుంది. అతనికి లోకం నేర్పాలి, పని దొరికేలా చూడాలి, తిండీ బట్టా చూసుకోవాలి, పైగా ప్రేమించాలి. ఊరు మాత్రం ఏమీ మారనవసరం లేదు.

తెలుగులో ‘ఒప్పుకోవడం’ అనే మాట ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి ‘సర్దుకుపోవడం’ అయిపోతుంది. ఇప్పుడు ఏప్రిల్ 2న, ఐక్యరాజ్యసమితి నిర్ణయం మేరకు 2008 నుంచి జరుపుతున్న ఆటిజం దినం నాడు, వేదికల మీద అంగీకారం గురించి వింటుంటే నాకు ఈ అనుమానమే వస్తుంది. అంగీకరించాల్సింది ఎవరు? తల్లేనా?

ఒకసారి పాత్రలను తారుమారు చేసి చూడండి. శివయ్య స్థానంలో ఒక అమ్మాయి ఉంటే ఆమె స్వచ్ఛతను చూసి ఊరు మురిసిపోయేదా? గది తలుపు గడియ పడేది. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం గల అమ్మాయిలకు పుణె ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్లకు చేతకాదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. దేశమంతటా స్త్రీల సంఘాలు గొంతెత్తాయి. అబ్బాయి అమాయకత్వం ముత్యం, అమ్మాయిది ప్రమాదం. మాట్లాడని ఆడపిల్లను ‘బుద్ధిమంతురాలు’ అని మెచ్చుకునే ఇళ్లలో ఆటిజాన్ని గుర్తించడం కూడా ఆలస్యమే. నలభై ఏళ్లు దాటాక తన సంగతి తనకు తెలిసిన స్త్రీలు ఈ మధ్య ప్రపంచమంతటా రాస్తున్నారు.

తల్లి మీద నేరం మోపే సాహిత్యం వేరే ఉంది. 1967లో అమెరికాలో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి బ్రూనో బెటల్‌హైమ్ రాసిన ‘ఖాళీ కోట’. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడిన ఈయన ఆ అనుభవాన్నే కొలబద్దగా తీసుకున్నాడు. శిబిరంలో ఖైదీ లోపలికి ముడుచుకుపోయినట్టే ఈ పిల్లలూ ముడుచుకుపోయారన్నాడు. మరి ఆ శిబిరానికి కాపలాదారు ఎవరు? తల్లే. ‘రిఫ్రిజిరేటర్ తల్లి’ అన్న దారుణమైన మాట జనంలో నాటుకుపోయిన రోజులవి. 1943లో ఆటిజాన్ని వర్ణించిన లియో కానర్ కూడా తల్లిదండ్రుల చల్లదనం గురించి మాట్లాడినవాడే. 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి మీరు నిర్దోషులని ప్రకటించాడు. అప్పటికి ఒక తరం తల్లులు శిక్ష అనుభవించేశారు.

రెండో పుస్తకం క్లారా క్లెయిబోర్న్ పార్క్ తన కూతురి గురించి రాసిన ‘ముట్టడి’. తల్లి కలం నుంచి వచ్చిన గొప్ప పుస్తకం. అయితే ఇక్కడా బిడ్డ ఒక కోటే. ఒకరు ఖాళీ అన్నారు, ఇంకొకరు ముట్టడించారు. మనం వాడే ‘స్వలీనత’ అన్న అనువాదపదంలోనూ తనలో తాను మునిగిపోయిన ఆ మూసిన తలుపే ఉంది. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి టొరంటోలో తల్లిదండ్రులతో మాట్లాడుతూ ఈ పోలికను పగలగొట్టాడు. ఆటిజం వెనకాల దాక్కున్న మామూలు బిడ్డ ఎవరూ లేరు, మీరు ఎదురుచూసిన బిడ్డ కోసం ఏడవండి గానీ వచ్చిన బిడ్డ కోసం ఏడవకండి అన్నది ఆయన వాదన సారాంశం. అంగీకారం గురించి నేను చదివినవాటిలో ఇంత నిక్కచ్చిగా ఉన్నది ఇంకొకటి లేదు.

ఈ మాటను లక్డారం దాకా తీసుకెళ్లి చూడాలి. పటాన్‌చెరు మండలంలోని ఈ ఊరు రాతి క్వారీలకూ క్రషర్లకూ పేరుపడింది. చుట్టూ ఫ్యాక్టరీలు, కాంట్రాక్టు పనులు, షిఫ్టులు, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి శబ్దం శరీరానికి తగిలే దెబ్బలాంటిది. గుట్టలో మందు పేలినప్పుడల్లా చెవులు మూసుకుని అరిచే బిడ్డ ఇక్కడ ఒక అద్దె గదిలో ఉన్నాడనుకోండి. తల్లి పనిలోకి వెళ్లలేదు. బిడ్డను చూపించడానికి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థకు వెళ్లాలంటే రెండు మూడు బస్సులు మారాలి. బస్సులో బిడ్డ ఏడిస్తే ‘పెంపకం ఇదేనా’ అనే చూపులు. వెళ్లినరోజు కూలి పోతుంది. తిరిగొచ్చేటప్పుడు ఇంటి దగ్గర చేయించాల్సిన పనుల చిట్టా ఆమె చేతికే వస్తుంది. నిన్నటి నేరస్థురాలు ఇవాళ జీతంలేని థెరపిస్టు. ఆమెతో ‘బిడ్డను బిడ్డగా ఒప్పుకో’ అనడానికి మనకు నోరెలా వస్తుంది? ఆమె ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఇంటి యజమాని, షిఫ్టు మార్చని కాంట్రాక్టరు, ఈ బిడ్డ ఉంటే మిగతావాళ్లకు చదువు సాగదనే బడి.

చట్టం సంగతి చూద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది. 2016 చట్టంలో 21 వైకల్యాలలో ఒకటిగా చేరింది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. కనీసం 40 శాతం వైకల్యమని సర్టిఫికెట్ ఉంటేనే అది వస్తుంది. 2016 చట్టం 24వ సెక్షన్‌లో మన విమర్శకులు చదవాల్సిన ఒక మాట ఉంది. ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇచ్చేలా పథకాలు ఉండాలట. ఇంటి చాకిరీకి విలువ కట్టమని స్త్రీవాదులు ఎన్నాళ్లనుంచో అడుగుతున్నదానికి చట్టంలో దొరికిన చిన్న కిటికీ ఇది. అదే సెక్షన్ మొదట్లో ‘ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు’ అన్న షరతూ ఉంది. లలిత స్తోమత గురించి షరతు పెట్టినవాళ్లెవరూ లేరు.

పార్క్ ఇంగ్లీషు సాహిత్యం బోధించేది కాబట్టి తన ముట్టడిని తనే రాసుకోగలిగింది. లక్డారం తల్లి రాస్తే అందులో కోటలూ ముత్యాలూ ఉంటాయని నేననుకోను. పేలుడు ఏ వేళకో ముందే చెప్పమని క్రషర్ వాళ్లను అడగడానికి తను ఎన్నిసార్లు తిరిగిందో ఉంటుంది. పక్కింటావిడ బిడ్డను ఒక గంట చూసుకున్న రోజు ఆ గంటలో తనేం చేసిందో ఉంటుంది. నిద్రపోయిందేమో.