చెయ్యి ఆపుకోవడం తెలిసిన పనివాళ్లు

లాంటానా పొదను నరకడం కత్తి పట్టిన ఎవరికైనా చేతనవుతుంది. ఆ పొద అడుగున బెత్తెడు ఎత్తున, ఎర్రటి లేతాకులతో నిలబడ్డ నాగకేసరం మొక్కను పసిగట్టి, కత్తిని దాని పక్కనుంచి తిప్పుకుపోవడం మాత్రం ఏళ్లు గడిస్తే గాని అబ్బని విద్య. తమిళనాడులోని వాల్పరై కొండల మీద చితికిపోయిన వర్షారణ్యాన్ని మళ్లీ నిలబెడుతున్నవారి పనితనమంతా అలా కత్తిని తిప్పుకోవడంలోనే ఉంది. ఏది తీసెయ్యాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఏది ముట్టుకోకూడదో తెలిసినవాళ్లు తక్కువ.

వాల్పరైకి పొల్లాచ్చి వైపు నుంచి వెళ్లాలంటే ఆళియార్ దాటాక నలభై హెయిర్‌పిన్ మలుపులు ఎక్కాలి. పైన సుమారు 220 చదరపు కిలోమీటర్ల పీఠభూమి. 1890ల నుంచి తోటల కోసం ఇక్కడి అడవిని నరుకుతూ వచ్చారు. ఇప్పుడు కనుచూపు మేర తేయాకే. చుట్టూ అనైమలై టైగర్ రిజర్వ్, కేరళ వైపు పరంబికులం అడవులు. తేయాకు నడుమ అక్కడక్కడ, నరకడానికి వీలుపడకో అక్కర్లేకో వదిలేసిన సుమారు నలభై అడవి ముక్కలు. కొన్ని హెక్టారు కూడా ఉండవు, పెద్దవి వందల హెక్టార్లు ఉంటాయి. చాలావాటికి హక్కుదారు అటవీశాఖ కాదు, తేయాకు కంపెనీలు.

మైసూరు కేంద్రంగా 1996లో మొదలైన నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ ఈ ముక్కల మీద దృష్టి పెట్టింది. పరిశోధకులు దివ్యా ముదప్ప, టి. ఆర్. శంకర్ రామన్ 2000 ప్రాంతంలో ఇక్కడ పనికి పూనుకున్నారు. పారీ ఆగ్రో, టాటా కాఫీ వంటి కంపెనీలను ఒప్పించి, వాళ్ల ఎస్టేట్లలోని అడవి ముక్కలను బాగుచేయడం మొదలుపెట్టారు. ముదప్ప డాక్టరేట్ పరిశోధన కళక్కాడ్-ముండంతురై అడవుల్లో గోధుమరంగు పునుగుపిల్లి మీద. రాత్రిళ్లు పండ్లు తిని గింజలను దూరంగా విసర్జించే జంతువు అది. ఏ పండు ఎవరి కడుపులోంచి వెళ్లి ఎక్కడ మొలకెత్తుతుందో ముందుగా తెలుసుకున్న మనిషి నర్సరీ పెడితే దాని తీరే వేరు.

ఆ తీరు గింజలు ఏరడంలోనే కనబడుతుంది. అడవి లోపల చెట్టు కింద రాలిన పండ్ల జోలికి వీళ్లు పోరు. అవి ఉడతలవి, కోతులవి. ఏరేది ఎక్కువగా రోడ్ల పక్కన, అడవి అంచుల్లో రాలినవి. అక్కడ పడిన గింజ లారీ చక్రం కింద నలుగుతుంది, లేకపోతే మొలిచినా మొదటి కలుపుతీతకే పోతుంది. ఎలాగూ చచ్చే గింజను బతికించడం, అడవికి చెందాల్సింది అడవికి వదిలెయ్యడం: ఈ లెక్క రాసి పెట్టుకునే నిబంధన కాదు, బుట్ట పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన పద్ధతి.

నర్సరీలో ఒక్కో గింజకూ ఒక్కో మర్యాద. కల్లేనియా చెట్టు దురియన్ కుటుంబానిది. ముళ్ల కాయలు కాస్తుంది. వాటి గింజలంటే సింహపు తోక కోతులకు ప్రాణం. ఆ గింజను గాని, అడవి జాజికాయ గింజను గాని ధాన్యంలా ఎండబెట్టి దాచుకుందామంటే కుదరదు. తడి ఆరితే ప్రాణం పోతుంది. తెచ్చిన కొద్ది రోజుల్లోనే మట్టిలో పెట్టాలి. సాంబ్రాణి లాంటి జిగురునిచ్చే నల్ల డామర్ దీనికి పూర్తిగా ఎదురు. గట్టి పెంకులో ముడుచుకుని నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. కొత్తవాడైతే చచ్చిందనుకుని మడి తిరగేస్తాడు. తెలిసినవాడు నీళ్లు చల్లుతూ ఊరుకుంటాడు. ఇలా 150కి పైగా స్థానిక జాతులను పెంచడమంటే 150 రకాల ఓపికలు నేర్చుకోవడమే. ఈ ఓపిక ఉన్నవాళ్లలో పట్టాలున్న శాస్త్రవేత్తలు కొందరే. మిగతావాళ్లు కాడర్ గిరిజనులు, ఎస్టేట్ కూలీల ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లు. చెట్టు పేరు లాటిన్‌లో తెలిసినవాడూ, అది ఏ నెలలో ఏ వాగు పక్కన కాస్తుందో తెలిసినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే గాని ఈ జాబితా తయారుకాదు.

ఇక కలుపు. మన పల్లెల్లో పులికంప, తలంబ్రాల చెట్టు అనే లాంటానా ఇక్కడా ఉంది. దానికి తోడు మికానియా తీగ చెట్ల మీదికి పాకి వెలుతురు రానివ్వదు. తోటల నుంచి పారిపోయి వచ్చిన కాఫీ మొక్క కూడా ఇక్కడ కలుపే. యంత్రం పెట్టి చదును చేస్తే ఒక్క రోజులో అయిపోతుంది, కానీ దానితోపాటు అడవి తనంతట తాను మొలిపించుకున్న మొక్కలూ పోతాయి. అందుకే చేత్తోనే తీస్తారు. ముందు తీగను మొదట్లో కోస్తారు, గుంజరు. గుంజితే అది చుట్టుకున్న లేత కొమ్మ కూడా విరుగుతుంది. పొదను పైనుంచి కొంచెం కొంచెంగా విప్పుతూ దిగుతారు. అడుగున ఏ స్థానిక మొక్క కనబడినా దాని పక్కన ఒక పుల్ల గుచ్చుతారు. ఆ పుల్ల వెనక వచ్చేవాడికి ఆనవాలు. కలుపు తీశాక ఆ చోట దొరికిన మొక్కలను చూసుకుని, ఏవి లేవో వాటినే నర్సరీ నుంచి తెచ్చి నాటుతారు. అడవి చేసుకోగలిగిన పని అడవికే వదిలి, దానికి చేతకాని పనే వీళ్లు నెత్తిన వేసుకుంటారు.

నాటడం నైరుతి రుతుపవనాలు అందుకోగానే. జలగలు, జారుడు మట్టి, తడి సంచులు. నాటాక రెండు మూడేళ్లు ఏటా మళ్లీ మళ్లీ వచ్చి కలుపు తీస్తారు. నమూనా మొక్కలకు నంబర్లు కట్టి, ఏది బతికింది, ఎంత పెరిగింది అని కొలుస్తారు. మొక్కలు నాటే కార్యక్రమాల లెక్కలు చాలాచోట్ల నాటిన రోజు సాయంత్రానికే పూర్తవుతాయి. ఇక్కడ అసలు లెక్క రెండేళ్ల తర్వాత మొదలవుతుంది. చెట్ల నీడలో నాటినవి బాగా బతుకుతాయనీ, బోడి నేలలో నాటినవి ఎక్కువగా పోతాయనీ వీళ్లు చెప్పగలుగుతున్నారంటే, పోయిన మొక్కలను కూడా లెక్కపెట్టారు కాబట్టే.

ఈ పని ఫలితం 2019లో ఒక పరిశోధన పత్రంగా వచ్చింది. బాగుచేసిన ముక్కలనూ, వాటి మానాన వాటిని వదిలేసిన ముక్కలనూ, చెదరని అడవినీ పక్కపక్కన పెట్టి పోల్చారు. చెట్ల సంఖ్యలోనూ, జాతుల వైవిధ్యంలోనూ, నిల్వ ఉన్న కర్బనంలోనూ వదిలేసిన ముక్కలకన్నా బాగుచేసినవి ముందున్నాయి. చెయ్యి ఆపుకోవడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదని ఈ కొలతే చెబుతుంది. చుట్టూ తేయాకు కమ్మిన ముక్కకు కొన్ని పెద్ద గింజల చెట్లు వాటంతటవి చేరుకోలేవు. అక్కడ మనిషి బుట్ట పట్టక తప్పదు.

ఈ సంస్థలోనే మరో జట్టు పని ఏనుగులతో. ఏనుగులకు తేయాకు సరిహద్దులు పట్టవు. తాతముత్తాతల దారిలోనే అవి నడుస్తాయి. ఆ దారిలో ఇప్పుడు ఎస్టేట్ కూలీల ఇళ్ల వరసలు, రేషన్ దుకాణాలు, బస్సు స్టాపులు ఉన్నాయి. ఆ జట్టులోని ఎం. ఆనంద కుమార్ ఇక్కడ ఏనుగుల వల్ల మనుషులు చనిపోయిన ఘటనలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. చాలామంది ఏనుగు దగ్గరలో ఉందని తెలియక, సాయంత్రం వేళ రోడ్డు మీదో తేయాకు చేలోనో ఎదురుపడి చనిపోయారని తేలింది. రోగం దొరికింది: సమాచారం లేకపోవడం. ఏనుగును తరమడం వీళ్ల మందులో లేదు.

అందుకని జట్టులోవాళ్లు రోజూ మంద జాడ పట్టి, అది ఏ ఎస్టేట్లో, ఏ ఫీల్డులో ఉందో తెలుసుకుంటారు. సాయంత్రానికి ఆ కబురు స్థానిక కేబుల్ టీవీలో అడుగున పరుగెడుతుంది. 2011 నుంచి ఎస్సెమ్మెస్‌లూ, చదువు రానివాళ్ల కోసం తమిళంలో ఫోన్ సందేశాలూ వెళుతున్నాయి. ఎత్తయిన చోట్ల ఎర్ర ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. వాటిని మొబైల్ ఫోన్‌తో వెలిగించవచ్చు. ఆ ఎరుపు కిలోమీటరు దూరం నుంచి కనబడుతుంది, చూసినవాడు దారి మార్చుకుంటాడు. దీపం వెలిగించే పనిలో అక్కడి నివాసులకే భాగం ఇచ్చారు. ఇందులోని నేర్పు గమనించదగ్గది. హెచ్చరిక ఒక్కసారి తప్పయితే జనం రెండోసారి నమ్మరు. అందుకే ఏనుగు కదిలిపోయాక కబురు మార్చడం, కబురు ఇవ్వడమంత ముఖ్యం. ప్రాణనష్టం తగ్గింది. ఈ పనికి 2015లో కుమార్‌కు ప్రకృతి సంరక్షకులకు ఇచ్చే విట్లీ అవార్డు వచ్చింది.

పుదుత్తోట్టం ఎస్టేట్ దగ్గర రోడ్డు దాటే సింహపు తోక కోతుల విషయంలోనూ పద్ధతి ఇదే. కోతులను ఎటూ తరలించలేదు. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న చెట్ల కొమ్మలను కలుపుతూ పైన వంతెనలు కట్టారు. కింద కాపలా మనుషులు నిలబడి వాహనాలను నెమ్మదించమంటారు. రోజంతా రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపే ఆ ఉద్యోగం వినడానికి చిన్నది. చక్రం కింద పడాల్సిన పిల్ల కోతి ఒక్కటి తప్పించుకున్నా ఆ రోజు జీతం గిట్టినట్టే.

ఇంత చేసినా బాగుపడిన నేల సుమారు వంద హెక్టార్లు. పీఠభూమి మొత్తం 22,000 హెక్టార్లు. ఈ నిష్పత్తి చూసి పెదవి విరిచేవాళ్లు ఉంటారు. కాని ఆ వంద హెక్టార్లతోపాటు ఇంకొన్ని కూడా తయారయ్యాయి. తేయాకుకు నీడగా ఆస్ట్రేలియా సిల్వర్ ఓక్‌కు బదులు స్థానిక చెట్లు వేద్దామని తోట యజమానులతో మాట్లాడగల మనుషులు, మొక్కలిచ్చే నర్సరీ, ఏ జాతి ఎక్కడ బతుకుతుందో చెప్పే ఇరవై ఏళ్ల నమోదులు. మిగిలిన నేలలో ఎవరైనా ఈ పని తలపెడితే గుడ్డిగా మొదలుపెట్టనక్కర్లేదు.

అడవుల గురించి మాట్లాడేటప్పుడు మనకు త్యాగాలు, పోరాటాలు, ఉద్వేగాలు ముందు గుర్తొస్తాయి. వాల్పరై మనుషులను మెచ్చుకోవాలంటే అవేవీ అక్కర్లేదు. వాళ్లను పనివాళ్లుగా మెచ్చుకుంటే చాలు: గింజ తడి తెలిసినవాళ్లుగా, తీగను గుంజకుండా కోసేవాళ్లుగా, పోయిన మొక్కను కూడా లెక్కలో రాసేవాళ్లుగా. ప్రేమ ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ప్రేమకు ఇంత కొలత నేర్పినవాళ్లే అరుదు.