ఖాళీ వదిలిన చేతులు

గుంటూరులో మా ఆర్కెస్ట్రాకు ఆరేళ్లపాటు కీబోర్డు వాయించాను. చేరిన ఏడాదే, ఒక వినాయక చవితి పందిట్లో పల్లవి నడుస్తుండగా మా వయొలిన్ మాస్టారు నా పక్కకు వచ్చి, నా కుడిచేతి మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించారు. నొక్కలేదు. ఊరికే ఆనించి ఉంచారు. నా చెయ్యి ఆగింది. పల్లవి అయ్యేదాకా ఆ వేళ్లు తియ్యలేదాయన. కచేరీ ముగిశాక టీ తాగుతూ, "అమ్మాయి పాడుతోంది కదరా, మధ్యలో నువ్వెందుకు పాడటం?" అన్నారు. ఆమె పాడే వరసనే నేను కుడిచేత్తో వెంటబడి వాయిస్తున్నాను. అదే తోడు అనుకున్నాను.

ఆ రెండు వేళ్ల సంగతి నాకు పూర్తిగా అర్థమైంది చాలా ఏళ్ల తరవాత, బెల్‌గ్రేడ్ బ్యాండ్ ఒకటి వింటుంటే. ఆ బ్యాండ్ పేరు ఎకతరీనా వెలికా. అక్కడి వాళ్లు ముద్దుగా 'ఈకేవీ' అంటారు. సెర్బియన్ భాష నాకు రాదు. వాళ్ల పాటల్లో నేను మొదట పట్టుకున్నది ఆ కీబోర్డునే. ఎక్కడ మోగుతోందో విన్నాను, తరవాత ఎక్కడ ఆగుతోందో వినడం మొదలుపెట్టాను.

ఈ బ్యాండ్ కథ మొదలు 1980లో ఉంది. ఆ ఏడాది మే నెలలో యుగోస్లావియాను ఏలిన టిటో పోయాడు. యుగోస్లావియా ఇంకా ఒకే దేశం. అంతకుముందు 'నిమ్మచెట్టు' అనే అర్థం వచ్చే పేరున్న చిన్న బ్యాండ్‌లో వాయించిన మిలాన్ మ్లాదెనొవిచ్, బాస్ గిటార్ వాయించే దుషాన్ కోయిచ్, డ్రమ్స్ వాయించే ఇవాన్ వ్దోవిచ్ కలిసి షార్లో అక్రోబాటా అని పేరు పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఆ ప్రాంతంలో చాప్లిన్‌ను పిలిచిన పేరది. పంక్ విన్న కుర్రాళ్లు, రెగే విన్న కుర్రాళ్లు, స్కా విన్న కుర్రాళ్లు నగరమంతా సొంత పాటలు కట్టుకుంటున్న రోజులు. దాన్నే అక్కడ 'నోవీ తాలాస్' అన్నారు, కొత్త కెరటం అని.

1981లో జాగ్రెబ్‌లోని యూగోతోన్ కంపెనీ 'పకేత్ అరాంజ్‌మాన్' అనే రికార్డు తెచ్చింది. అందులో మూడు బెల్‌గ్రేడ్ బ్యాండ్లు ఉన్నాయి. షార్లో అక్రోబాటావి నాలుగు పాటలు, ఇదోలివి నాలుగు, ఎలెక్త్రిచ్ని ఒర్గాజమ్‌వి మూడు. బెల్‌గ్రేడ్‌లో ఎంజో లెసిచ్ అనే సంగీతకారుడి స్టూడియోలో వాటిని రికార్డు చేశారు. పదకొండు పాటల ఆ ఒక్క రికార్డు తరవాత అక్కడి కుర్రకారు పాట కట్టే తీరే మారిపోయింది.

అదే ఏడాది షార్లో అక్రోబాటా తన సొంత ఆల్బమ్ తెచ్చింది. మనిషి చురుకెక్కుతాడా మొద్దుబారుతాడా ఎప్పుడంటే, అని సగంలో ఆగిపోయే వాక్యం దాని పేరు. ఆ రికార్డులో ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు. బాస్ ముందుకు దూకుతుంది, గిటార్ దాన్ని తోసుకుంటూ వస్తుంది, డ్రమ్స్ ఇద్దరికీ లొంగవు. నాకది ఇష్టమే, ఆ తోపులాటే దాని అందం. కానీ ముగ్గురూ గట్టివాళ్లే అయినప్పుడు అలా ఎన్నాళ్లు నడుస్తుంది? ఆ ఏడాది చివర్లోనే విడిపోయారు. కోయిచ్ 'దిసిప్లీనా కిచ్‌మే' అని మరో బ్యాండ్ పెట్టి బాస్‌నే తలకెత్తుకున్నాడు. అతనికి కావలసింది అదే, దాన్ని గొప్పగా చేశాడు కూడా. మిలాన్‌కు కావలసింది వేరు.

అతను 1982లో కొత్త బ్యాండ్ కట్టాడు. మొదటి పేరు కతరీనా ద్రుగా, అంటే రెండో కేథరిన్. ఆ గుంపులోకి వచ్చింది మార్గీటా స్తెఫనోవిచ్. అందరికీ మాగీ. చిన్నప్పటి నుంచీ శాస్త్రీయ పియానో నేర్చుకుంది, ఆర్కిటెక్చర్‌లో పట్టా తీసుకుంది. ఇల్లు గీసేవాళ్లకు గోడ ఎంత ముఖ్యమో గది ఎంత ముఖ్యమో తెలుసు కదా. ఆమె వాయిద్యంలో నాకు వినబడేది ఆ గదే. ఇది నా ఊహ కావచ్చు, కానీ విన్న ప్రతిసారీ అలాగే అనిపిస్తుంది.

ఎలా వాయిస్తుందో చెప్తాను. మిలాన్ గొంతు పైకి లేచిన చోట ఆమె కిందికి దిగిపోతుంది. నిలిపి ఉంచిన స్వరాలతో నేల పరిచినట్టు ఉంటుంది తప్ప అతని వరసను ముట్టుకోదు. అతను మాట ఆపి ఊపిరి తీసుకున్న క్షణంలో మూడో నాలుగో స్వరాలు, స్పష్టంగా, ఒకదాని వెనక ఒకటి. మళ్లీ అతను అందుకోగానే ఆ చేతులు వెనక్కి. శాస్త్రీయ పియానో నేర్చిన చేతులవి, ఎంత వేగంగానైనా పరిగెత్తగలవు. అయినా పరిగెత్తవు. మిలాన్ కూడా గిటార్‌తో అంతే. సోలో కోసం ఎదురుచూసే గిటారిస్టు కాదతను. ఆమెకు ఎంత జాగా కావాలో అంత వదిలి మిగతాది వాయిస్తాడు. మా మాస్టారి రెండు వేళ్లు ఇక్కడ ఎవరి మణికట్టు మీదా అవసరం లేదు.

బ్యాండ్‌లోని మరో గిటారిస్టు వెళ్లిపోయాక పేరు మార్చుకోవలసి వచ్చింది. రెండో కేథరిన్ పోయి ఎకతరీనా వెలికా, అంటే 'మహా కేథరిన్' వచ్చింది. రష్యా మహారాణి ఒక్కతే, పిలుపు మారింది. 1984లో మొదటి ఆల్బమ్ పాత పేరుతో వస్తే, 1985లో కొత్త పేరే ఆల్బమ్ పేరుగా వచ్చింది. ఆ తరవాత 1986, 1987, 1989, 1991, 1993. మొత్తం ఏడు. డ్రమ్స్ దగ్గర మనుషులు మారుతూనే వచ్చారు. వాళ్లలో జీకా తొదొరోవిచ్ సినిమా నటుడు కూడా. బాస్ దగ్గర బొయాన్ పెచార్ చాలా ఏళ్లు నిలబడ్డాడు, అతనూ వెళ్లిపోయాడు. మొదటి నుంచి చివరి దాకా ఉన్నది మిలాన్, మాగీ ఇద్దరే. ఆర్కెస్ట్రాల్లో తిరిగినవాళ్లకు ఈ లెక్క తెలుసు. ఇద్దరు ఒకరినొకరు వింటూ ఉంటే మిగతావాళ్లు వచ్చి కూర్చోగలరు. ఆ ఇద్దరూ లేకపోతే ఎంత మంచి వాయిద్యగాడు వచ్చినా ఆ రాత్రి వరకే.

1989 ఆల్బమ్ పేరుకు అర్థం 'మన కోసం కొన్నేళ్లే'. అప్పుడు యుగోస్లావియాకు మిగిలింది నిజంగానే రెండేళ్లు. దాదాపు అదే పేరున్న అందులోని పాటను 2006లో బీ92 రేడియో శ్రోతలు తమ ప్రాంతపు పాటలన్నిటిలోకీ ఉత్తమమైనదిగా ఎంచుకున్నారు. 1991లో యుద్ధం మొదలైన ఏడాది వచ్చిన ఆల్బమ్ పేరు 'డమ్ డమ్'. ఆ పేరు వింటే నాకు తూటాయే గుర్తొస్తుంది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధశాలలో తయారైన తూటాకే కదా లోకమంతా ఆ పేరు స్థిరపడింది.

మిలాన్ పుట్టింది జాగ్రెబ్‌లో, పెరిగింది సరయేవోలో, పన్నెండేళ్ల వయసు నుంచి బెల్‌గ్రేడ్‌లో. మొదటి రికార్డులు అచ్చు వేసింది జాగ్రెబ్, ల్యుబ్ల్యానా కంపెనీలు. ఒక మనిషి బతుకులోని ఊళ్లన్నీ వేరు వేరు దేశాలైపోతుంటే అతనేం చెయ్యాలి? 1992 వసంతంలో మిలాన్, మాగీ మరో రెండు బ్యాండ్ల వాళ్లతో కలిసి, వాద్యాలు లారీ మీదికి ఎక్కించి, యుద్ధానికి వ్యతిరేకంగా పాడుతూ బెల్‌గ్రేడ్ వీధుల్లో తిరిగారు. ఆ ఏప్రిల్‌లోనే సరయేవో ముట్టడి మొదలైంది. అతను బడికి వెళ్లిన ఊరది.

1994లో మిలాన్ బ్రెజిల్ వెళ్లి, అక్కడ స్థిరపడిన మిత్రుడు మితార్ సుబోతిచ్‌తో 'ఏంజెల్స్ బ్రెత్' అనే రికార్డు చేసుకుని వచ్చాడు. ఆ తరవాత క్యాన్సర్ బయటపడింది. నవంబర్ 5న కన్నుమూశాడు. వయసు 36. బ్యాండ్ అక్కడితో ఆగింది. షార్లో అక్రోబాటాలో డ్రమ్స్ వాయించిన వ్దోవిచ్ 1992లోనే పోయాడు. పెచార్ 1998లో లండన్‌లో, మాగీ 2002లో బెల్‌గ్రేడ్‌లో పోయారు. ఆమెకు 43. ఇంత చిన్న వయసుల్లో ఇందరు పోయిన బ్యాండ్ గురించి అక్కడ కథలు ఎన్నో చెప్పుకుంటారు. ఆ కథల జోలికి నేను పోను. చావుల గురించి చెప్పుకునేంత శ్రద్ధగా ఆ పాటల పనితనం గురించి చెప్పుకోవడం లేదన్నదే నా బాధ.

బెల్‌గ్రేడ్ నడిబొడ్డున, యువజన భవనం పక్కన ఉన్న ఆవరణకు మిలాన్ పేరు పెట్టారు. మాగీకి నేను ఇవ్వగలిగింది ఈ పేజీ. మీ ఇంట్లో కీబోర్డు నేర్చుకునే పిల్లలుంటే ఈ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకోండి. 1987 నాటి 'ల్యుబవ్' ఆల్బమ్ పెట్టండి, ఆ మాటకు ప్రేమ అని అర్థం. మొదటిసారి గొంతు విననివ్వండి. రెండోసారి, ఆ అమ్మాయి ఎక్కడెక్కడ వాయించకుండా ఆగిందో వేలితో బల్ల మీద కొట్టి చూపించమనండి.