వాట్సు వీధిలో ఒక ఇంజను

మెట్లు ఇరుకైనవి. పాత మోటారుకారు ఇంజను నొకదానిని ఇద్దరు మనుష్యులు రొమ్మున కానించుకొని, ఒక్కొక్క మెట్టున నిలిచి ఊపిరి పీల్చుకొనుచు, కాలు జారునేమోయను భయముతో క్రిందికి దించుచున్నారు. చేతికి వచ్చిన జీతపు డబ్బుతో కొన్న ఇంజను అది. దానిని అమర్చుకొనినచో కారు నడచును, కారు నడచినచో బ్రతుకున ఏదో ఒక మూల కొంత తేలిక యగునని వారి యాశ. ఎట్టకేలకు దానిని చిన్న లారీ వెనుకతట్టున, అంచునకు మిక్కిలి దగ్గఱగా, చేర్చుదురు. ఇంకను లోపలికి త్రోయుటకు ఓపిక లేదు. వీధి ఏటవాలుగా నున్నది. లారీ కదలినదో లేదో ఇంజను దొర్లి నేలబడి పగిలిపోవును. దిగి చూచుకొని, చెప్పుకొనుటకు మాట యేమియు లేక, దానిని అచ్చటనే విడిచి పోవుదురు. కెమేరా మాత్రము లారీ వెనుకనుండి ఆ యినుపముద్దనే చూచుచు, చూచుచు, దూరమగుచుండును.

ఇది చార్లెస్ బర్నెట్టు తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ అను చిత్రములోనిది. అమెరికా నల్లజాతివారి చలనచిత్రమును గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగా బానిసత్వముతోనో, కొఱడాదెబ్బలతోనో, పోలీసు తుపాకితోనో ఆరంభింతురు. ఆ దుఃఖములు నిజమే. అయినను ఆ సంప్రదాయపు నేర్పు ఎచ్చట నున్నదని నన్నడిగినచో నేను ఈ మెట్లవద్దకే తీసికొనిపోవుదును. పేదఱిక మనెడి పదము ఇందు ఒక్కమాఱైన ఉచ్చరింపబడదు. కాని దాని బరువును దర్శకుడు నిమిషములకొలది మనచేత మోయించి, పిదప మన కన్నులయెదుటనే పగులగొట్టినాడు. అమెరికా నల్లజాతి కుటుంబకథను సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ చదివి కుంటా కింటే పేరును చుట్టపువాని పేరువలె తలచుకొనువారు మనలో పెక్కండ్రు గలరు. ఆ జాతివారు తెరమీద తమ్ముదాము చిత్రించుకొనిన తీరు మనకు అంత పరిచితము కాదు.

తమ్ముదాము చిత్రించుకొనవలసిన యక్కఱ వారికి పరులు చిత్రించిన దానివలన కలిగినది. 1915లో డి. డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ చలనచిత్రకళకు ఎంత వ్యాకరణమును సమకూర్చెనో అంత విషమును గూడ సమకూర్చెను. ముఖమునకు మసి పూసికొనిన తెల్లనటులు అందు నల్లవారిని స్త్రీలకై పొంచియుండు మృగములుగా అభినయించిరి. ముసుగులు ధరించిన కూ క్లక్స్ క్లాను అను తెల్లజాతి దౌర్జన్యసంఘపు రౌతులు ధర్మరక్షకులై గుఱ్ఱములపై దౌడు తీసిరి. అధ్యక్షుడు ఉడ్రో విల్సనుకొఱకు దానిని శ్వేతభవనముననే ప్రదర్శించిరి. ఎన్.ఎ.ఎ.సి.పి. యను నల్లజాతి హక్కుల సంఘము నగర నగరమునను నిరసించెను. అంతకుముందు అడుగంటియుండిన క్లాను ఆ సంవత్సరమే జార్జియాలో స్టోన్ మౌంటెన్ కొండమీద మరల తలయెత్తెను. ఆ చిత్రపు మహిమ యంతయు నొక ఉపాయమునందు ఇమిడియున్నది: ఆపదలో చిక్కిన తెల్లస్త్రీని ఒక క్షణము, ఆమెను రక్షింప వచ్చు రౌతులను మఱుక్షణము, మార్చి మార్చి చూపుచు, ఆ తునకలను రానురాను కుఱుచ చేయుచు, ప్రేక్షకుని గుండెను గుఱ్ఱపు డెక్కల తాళమునకు కట్టివేయుట.

ఈ ఉపాయమును లాగికొని దానితోనే ప్రత్యుత్తర మిచ్చినవాడు ఆస్కార్ మిషో. 1884లో ఇలినాయి రాష్ట్రమున జన్మించి, రైళ్ళలో పుల్మను పెట్టెల పోర్టరుగా పనిచేసి, దక్షిణ డకోటాలో భూమి సంపాదించి సేద్యము సాగించి, ఆ యనుభవములను నవలలుగా వ్రాసి, ఆ నవలలను తానే యింటింట తిరిగి అమ్ముకొనిన యీ విచిత్రపురుషుడు, 1919లో తన నవలనే చిత్రముగా తీసి, మఱుసటి యేడు ‘వితిన్ అవర్ గేట్స్’ అను దానిని ప్రదర్శించెను. దక్షిణాదిన పాలునకు సేద్యము చేయు జాస్పర్ లాండ్రీ, చదువుకొనిన పెంపుడుకూతురు సిల్వియా కట్టియిచ్చిన లెక్కలను పట్టుకొని భూస్వామివద్దకు పోవును. ఆ సమయముననే పగబట్టిన వేఱొక తెల్లవాడు భూస్వామిని చాటునుండి కాల్చును. నేరము జాస్పరుపై బడును. గుంపు కూడును. ఆ గుంపులో ఆడువారును గలరని మిషో మనకు ప్రత్యేకముగా చూపును. భార్యాభర్తల మెడలకు ఉరిత్రాళ్ళు బిగియుచుండగా, మంట పేర్చుచుండగా, అదే సమయమున వేఱొకయింట సిల్వియాను భూస్వామి సోదరుడు చెఱబట్టబోవును. ఉరికొయ్య, గది, మంట, పెనుగులాట. గ్రిఫిత్ కూర్పే యిది, ముక్కకు ముక్క. ఐనను ఇందు రక్షించుటకు రౌతు లెవ్వరును రారు. ఆ సోదరుని చేయి నిలిచిపోవుటకు కారణము ఆమె రొమ్ముమీది పాత మచ్చ. దానిని చూచి, ఆమె తన కూతురేయని వాడు గుర్తుపట్టును. ఎవరి యింటి ఆడువారిని ఎవరు చెఱచిరను ప్రశ్నకు చరిత్ర యిచ్చు సమాధానమును, అబద్ధము చెప్పుటకు వాడిన పనిముట్టుతోనే మిషో చెప్పించెను. ఇంతకంటె ఘాటైన సాహిత్యవిమర్శను నేను వ్యాసరూపమున గూడ చదివియుండలేదు.

చికాగోలో 1919 వేసవిని జరిగిన జాతివైరపు అల్లరులలో 38 మంది మరణించియుండిరి. అందుచే 1920 జనవరిలో అచ్చట ఈ చిత్రము వెలువడుటకు అనుమతి నిచ్చుటకు సెన్సారువారు జంకిరి. మిషో తన చిత్రములను తానే మోసికొని ఊరూర తిరిగి థియేటరు యజమానులకు అమ్ముచు, ఊరిని బట్టి కొన్ని దృశ్యములు తీసివేయుచు, కొన్ని చేర్చుచు కాలము గడపెను. దక్షిణాదిని తెల్లవారి థియేటర్లలో నల్లప్రేక్షకులకు అర్ధరాత్రి ఆటలే దిక్కైన దినము లవి. ఆ చిత్రము ఎన్నో యేండ్లు కానరాక, తుదకు ‘లా నెగ్రా’ యను పేరుతో స్పెయిను దేశమున నొక ప్రతి దొరకెను. అందలి స్పానిషు శీర్షికలను మరల ఇంగ్లీషు చేసి, అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు 1993లో దానిని పునరుద్ధరించిరి. మిషో మాటలు పరభాషకు కాపురము పోయి పుట్టినింటికి తిరిగివచ్చిన వన్నమాట.

మిషోను పొగడునపుడు ఒక సంగతి దాచరాదు. ఆయన నటులు పలుమాఱు కొయ్యబొమ్మలవలె నిలుతురు, దీపములు చాలవు, పైగా ఆయన నాయికలు తఱచుగా చామనచాయవారే, దుష్టులు మాత్రము కాటుకనలుపు. తెల్లవాని కొలబద్దను తెల్లవానిపై విసరిన చేయియే, దాని చిన్నముక్కను జేబులో నుంచుకొనినది. అట్లయ్యు 40కి మించిన చిత్రములను, స్టూడియో ఆసరా లేక తీసి, 1951లో మరణించు వఱకు తనవారికై శ్రమించిన యా మనుష్యుని మొండితనమునకు చేయెత్తి మ్రొక్కవలయును. హాలీవుడ్డున ఆ కాలముననే నల్లజాతి నటి హాటీ మెక్‌డానియల్ దాసి పాత్రకు ఆస్కారు బహుమతి పొంది, ఆ విందులో తక్కిన నటులకు దూరముగా వేఱు బల్లయొద్ద కూర్చుండవలసివచ్చెను.

ఇక వాట్సు. రెండవ ప్రపంచయుద్ధకాలపు కర్మాగారములలో పనికై మిసిసిపీ, లూసియానా, టెక్సాసులనుండి వలసవచ్చిన నల్లకుటుంబములను లాసేంజెలిసు నగరము వాట్సు వంటి కొన్ని పేటలలోనే ఇఱికించెను. ఇంటిదస్తావేజులందే నల్లవారికి అమ్మరాదను షరతులు వ్రాయబడుచుండెను. గృహవసతిలో వివక్షను నిషేధించు చట్టమును 1964లో కాలిఫోర్నియా వోటర్లే త్రోసిపుచ్చిరి. మఱుసటి యేడు ఆగస్టు 11న, ఒక నల్లయువకుని కారును పోలీసులు ఆపిన సందర్భమున మొదలైన తగవు ఆఱు దినముల మంటయై 34 ప్రాణములను బలిగొనెను. బర్నెట్టు 1944లో మిసిసిపీలోని విక్స్‌బర్గున పుట్టి, ఈ వాట్సులోనే పెరిగెను. ఆ మంటల తరువాత అచ్చటి రాష్ట్ర విశ్వవిద్యాలయపు చలనచిత్రశాఖలో చేరిన నల్లవిద్యార్థులు, అనగా బర్నెట్టు, ఇథియోపియానుండి వచ్చిన హైలే గెరిమా, జూలీ డాష్, బిల్లీ వుడ్‌బెరీ మొదలైనవారు, పెట్టుబడి లేమినే పద్ధతిగా మలచుకొనిరి. క్లైడ్ టేలర్ అను విమర్శకుడు తరువాత వారికి ‘ఎల్.ఏ. రెబెలియన్’ అని పేరుంచెను. పేరున తిరుగుబాటు ఉన్నను, వారి చిత్రములలో కెల్ల గొప్పదానియందు ఎవ్వరును పిడికిలి ఎత్తరు. ఆ దినములలోనే థియేటర్లలో ‘షాఫ్ట్’ వంటి తుపాకివీరుల చిత్రములు దుమారము రేపుచుండెను. వానివలన స్టూడియోల గల్లాపెట్టెలు నిండెను. ఇంతకుమించి చెప్పుటకు నాకు మనసొప్పదు.

వారాంతములలో మాత్రమే, 16 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్ముపై, 10,000 డాలర్లకు లోపడిన వ్యయముతో, పెక్కుమంది పేటవారినే నటింపజేసి తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ను బర్నెట్టు 1977లో తన పట్టపరీక్షకు సమర్పించెను. కథానాయకుడు స్టాను గొఱ్ఱెలను కోయు కార్ఖానాలో కూలి. వానికి నిద్ర పట్టదు. కథ యింతియే. శ్రామికుల బాధ సమ్మెతో తీరిపోవు చిత్రములు ఆ విద్యాలయమున వాడుకగా నుండగా, తాను పెరిగిన వీధిలో ఏ బాధయు అట్లు తీరుట తానెఱుగననుటయే ఈ యువకుని వాదము. ఈతని గురువైన బేసిల్ రైట్ మన పొరుగున సింహళమునకు పోయి ‘సాంగ్ ఆఫ్ సిలోన్’ తీసినవాడు. ఎదుటి మనిషిని గౌరవముతో చూచుట ఆయనవద్ద నేర్చినది కావచ్చును. కెమేరా తఱచు పిల్లల ఎత్తున నిలుచును. వారు రైలుకట్టవద్ద ఱాళ్ళు రువ్వుకొందురు. ఒక మేడనుండి మఱియొక మేడకు ఆకాశమడ్డముగా దుముకుదురు. ఒక పసిది కుక్కముఖపు ముసుగు తగిలించుకొని గుమ్మమున నిలుచును. ఆ దృశ్యములవెంట గొఱ్ఱెలు వచ్చును; ఈ రెంటిని పక్కపక్కన నుంచుటతో దర్శకుని పని ముగిసినది, పోలిక చెప్పుమని యెవ్వరిని ఆజ్ఞాపింపలేదు.

స్టానును పేదవాడన్నచో కోపము వచ్చును. దానధర్మ సంస్థలకు వస్తువులు ఇచ్చువాడు పేద యెట్లగునని వాని తర్కము. ఒకనాడు వేడి టీకప్పును చెంప కానించుకొని, ఆ వెచ్చదనము స్త్రీసాంగత్యమును గుర్తుచేయునని మిత్రునితో చెప్పగా ఆ మిత్రుడు నవ్వును. అటుపిమ్మట వచ్చు దృశ్యములలో నొకటి నా మనసునుండి పోదు: చీకటి గదిలో, కిటికీ యెదుట, భార్యాభర్తలు డైనా వాషింగ్టను పాటకు మెల్లగా అడుగులు వేయుదురు, ఆమె చేతులు వాని వీపుపై వెదకుచుండును, పాట ముగియగానే వాడు ఆమెను విడిచి పోవును. కోఁతకత్తి పట్టిన చేతులలో దినమంతయు చచ్చిన ప్రేమ సాయంకాలమునకు మరల బ్రతుకుట యెంత కష్టమో చెప్పుటకు నిరుద్యోగపు లెక్కలు పనికిరావు.

పాటలవలననే ఆ చిత్రమునకు ముప్పదియేండ్ల అజ్ఞాతవాసము ప్రాప్తించెను. పాల్ రాబ్సన్ మొదలు నాటి బృందగానముల వఱకు నల్లజాతి సంగీతచరిత్ర నంతటిని బర్నెట్టు అందు కూర్చెను. వాని హక్కులు కొనుటకు చేత డబ్బు లేదు. 1990లోనే జాతీయ చిత్రనిధిలో చోటు లభించినను, థియేటరులో సక్రమముగా విడుదలయగుట 2007లో గాని సాధ్యపడలేదు. అప్పుడు పాటల హక్కులకు సుమారు లక్షన్నర డాలర్లు చెల్లింపవలసివచ్చినదట. చారాణా కోడికి బారాణా మసాలా యనుట దీనినే.

బర్నెట్టు నలుపు తెలుపులతో సాధించిన దానిని జూలీ డాష్ రంగులలో సాధింపబూనెను. ఇచట ఒక సాంకేతికవిషయము తెలిసికొనదగినది. రంగుల ఫిల్ము తయారుచేసిన సంస్థలు తెల్లని చర్మమునే ప్రమాణముగా నెంచినవి. లాబొరేటరీలలో రంగు సరిచూచు అట్టపై చాలకాలము ఒక తెల్లయువతి బొమ్మయే యుండెడిది. ఫలితముగా తెల్లముఖమునకు సరిపోవు వెలుగులో నల్లముఖము కన్నులు, పండ్లు తప్ప తక్కినదంతయు చీకటిముద్ద యయ్యెడిది. దీపములు గూడ పక్షపాతము నేర్చినవన్నమాట. 1991లో వెలువడిన ‘డాటర్స్ ఆఫ్ ది డస్ట్’లో డాష్, ఛాయాగ్రాహకుడు ఆర్థర్ జాఫా, నల్లచర్మమున దాగిన రాగి, తేనె, నేరేడు ఛాయలు పలుకుటకు అనువైన ఫిల్మును ఎంచుకొని, సముద్రతీరపు సహజమైన వెలుతురుపై ఆధారపడిరి. 1902లో దక్షిణ కరోలినా తీరపు దీవులలో, ఉత్తరాదికి వలస పోనున్న గల్లా యను నల్లజాతివారి కుటుంబమొకటి కడసారి కూడి భుజించు దినమే దాని కథాకాలము. కథ చెప్పువారిలో నొకతె యింకను పుట్టని శిశువు.

అందు నానా యను ముదుసలి చేతులు నీలిమందుతో కమలియుండును. బానిసత్వమున నీలితొట్లలో పనిచేసిన గుర్తది. అంతకాలము ఆ రంగు నిలువదని చరిత్రజ్ఞులు హెచ్చరించినను డాష్ దానిని వదలుకొనలేదు; వీపుమీది కొఱడావాతలు, సంకెళ్ళు చూచి చూచి ప్రేక్షకుని కన్ను మొద్దువారినది గనుక, ఆ గాయమునకు క్రొత్త గుర్తు కావలెనని ఆమె యుద్దేశము. చరిత్రకు స్వల్పముగా ఎడమైన ఈ నీలము చరిత్రను ఎన్నో పాఠ్యపుస్తకములకంటె చక్కగా చెప్పినదని నా యభిప్రాయము. అమెరికాలో నల్లజాతి స్త్రీ తీసిన కథాచిత్రము దేశవ్యాప్తముగా థియేటర్లకు వచ్చుట అదియే ప్రథమము. అనగా మిషో ‘వితిన్ అవర్ గేట్స్’కు పిదప డెబ్బదియేండ్లకు.

స్పైక్ లీ మార్గము వేఱు. ‘డూ ది రైట్ థింగ్’ (1989)లో ఆయన బ్రూక్లిను వీధిగోడలను ఎఱ్ఱగా పూయించి, ఒక్కదినపు ఎండను ప్రేక్షకుని మెడకు చుట్టి, రేడియో రహీం అను యువకుని పోలీసు గొంతునొక్కి చంపువఱకు ఆ తాపమును పెంచుకొనిపోయెను. తరువాత 2014లోను 2020లోను అదే తీరున నిజమైన మనుష్యులు ప్రాణములు విడువగా, లీ ఆ దృశ్యములను తన పాత దృశ్యముతో జోడించి ఒక లఘుచిత్రము కూర్చెను. మిషో పట్టిన కూర్పుపనిముట్టే మరల చేతికి వచ్చినది, పదును తగ్గలేదు.

అయినను నేను మరల వాట్సునకే పోవుదును. ఇంజను పగిలిన తరువాత ఒకనాడు స్టాను, మిత్రులు, కుటుంబములు ఒకే కారులో ఇఱుకుకొని గుఱ్ఱపుపందెములకు బయలుదేరుదురు. దారిలో టైరు పోవును. మఱియొక టైరు లేదు. ఒట్టి రిమ్ముపైననే ఇల్లు చేరుదురు. చివర కాలు అవిటియైన యువతి యొకతె చుట్టునున్న ఆడువారికి, నోరు విప్పక, కడుపుమీద చేతులను గుండ్రముగా త్రిప్పి తాను గర్భవతినని తెలుపును. అందరును నవ్వుదురు. వెనుక డైనా వాషింగ్టను గొంతు మరల వినవచ్చుచుండగా, తరువాతి దృశ్యమున స్టాను గొఱ్ఱెలను లోపలికి తోలుచున్నాడు.