పశువు కన్ను కోసి చదివే పనితనం

మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమకాల్వ కింది వరి ఊళ్లలో పచ్చిమేత దొరకని రోజుల్లో బర్రెకు వరిగడ్డే దిక్కు. ఎండిన ఆ గడ్డిలో విటమిన్ ఎ ఇచ్చే కెరోటిన్ దాదాపు ఉండదు. చూడికాలమంతా అదే తిన్న బర్రెకు గుడ్డిదూడ పుట్టవచ్చు. చూస్తే కంట్లో పువ్వు ఉండదు, ఎరుపు ఉండదు. కంటిపాప మాత్రం పెద్దగా తెరుచుకుని వెలుతురుకు కదలదు. విటమిన్ చాలక పుర్రె ఎముక అదుపు తప్పి పెరిగి, కంటినరం వెళ్లే సన్నని దారిని ఇంకా ఇరుకు చేస్తుంది, నరం నలిగిపోతుంది. చనిపోయిన దూడల తలలను ఓపికగా కోసి చూసిన పేథాలజిస్టుల వల్లే ఈ సంగతి మనకు తెలిసింది.

పశువుల కంటి పేథాలజీనే జీవితవృత్తిగా చేసుకున్నవారు తక్కువ. వారిలో ముందు చెప్పవలసిన పేరు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన రిచర్డ్ డుబీల్జిగ్. 1983లో ఆయన మాడిసన్‌లో జంతువుల కళ్లకే ప్రత్యేకంగా ప్రయోగశాల నెలకొల్పారు. కుక్క, పిల్లి, గుర్రం, పక్షి, ఏ జీవి కన్నయినా అక్కడికి చేరుతుంది. 2010లో సహరచయితలతో కలిసి ఆ అనుభవాన్ని గ్రంథంగా తెచ్చారు.

ఈ పనిలోని నేర్పు చూడండి. తీసిన కంటికి అంటుకున్న కొవ్వునీ కండనీ వెంటనే ఒలిచేయాలి. లేకపోతే కన్ను చెడకుండా నిలిపే ఫార్మలిన్ మందునీరు లోపలికి దిగేసరికే రెటీనా చెడిపోతుంది. కన్ను గట్టిపడ్డాక కోత. రాత్రి దీపం పడితే పశువు కంట్లో మెరిసే పొర వెనకగోడ పైసగంలోనే ఉంటుంది. అందుకే కోత నిలువుగా, కంటిపాప మీదుగా, కంటినరం గుండా సాగాలి. అప్పుడే మెరిసే భాగం, మెరవని భాగం, కటకం, నరం అన్నీ ఒకే స్లైడు మీదికి వస్తాయి. ఆ ముక్కను మైనంలో పొదిగి నాలుగైదు మైక్రాన్ల పలచన పొరలుగా తీస్తారు. ఇక్కడ కటకం మహా పీడ: బ్లేడు కింద పెళుసుగా విరిగి పక్క పొరల్నీ చింపేస్తుంది.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ తర్వాతి తీర్పు. స్లైడులో రెటీనా ఊడి కనిపిస్తుంది. అది జబ్బుతో ఊడిందా, కోతలో ఊడిందా? పశువు బతికుండగా ఊడితే దాని కింది రంగుకణాలు ఉబ్బి, సమాధిరాళ్లలా నిటారుగా లేస్తాయి. చచ్చాక ఊడితే చదునుగానే ఉంటాయి. ఆ ఒక్క వరుసను గుర్తుపట్టే చూపు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఈ విద్య మనకు కొత్త కాదు. దేశమంతా పశువైద్య విద్యార్థులు చదివిన 'వెటర్నరీ పేథాలజీ' రాసినది గంటి ఎ. శాస్త్రి, తర్వాతి కూర్పుల్లో పి. రామారావు పేరూ చేరింది. 1946లో మొదలైన రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల సూర్యాపేటకు దూరమేమీ కాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పశువైద్యులకు నా విన్నపం ఒక్కటే. క్యాన్సర్ వచ్చి తీసేసిన ఎద్దు కన్నయినా, గుడ్డిదూడ కన్నయినా గుంతలో పారేయకండి. పదింతల ఫార్మలిన్‌లో వేసి, పశువు వయసు, తిన్న మేత ఒక చీటీ మీద రాసి ఆ కళాశాల పేథాలజీ విభాగానికి పంపండి. రైతులు చూడి బర్రెకు రోజూ కాస్త పచ్చిమేత వేయండి.