అర్ధాయువు చెప్పనిది: బికినీ కొబ్బరి, తుమ్మలపల్లి నీరు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోను, పక్కనున్న అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లోను పోటీ పరీక్షలకు చదివేవారికి ‘అర్ధాయువు’ ఒక మార్కు ప్రశ్న. రేడియోధార్మిక పరమాణువుల్లో సగం క్షయమయ్యే కాలమన్న నిర్వచనంలో దోషం లేదు. అయితే ఆ పరమాణువు ఏ మట్టిలో నిలిచి, ఏ చెట్టు ద్వారా, ఎవరి కంచంలోకి చేరుతుందో అది చెప్పదు. అణుకాలుష్యంపై తెలుగు రచనల్లో తరచు కనిపించే లోటు కూడా ఇదే.

మార్షల్ దీవుల్లో 1946–58 మధ్య అమెరికా 67 అణుపరీక్షలు జరిపింది. ముందుగానే తరలించిన బికినీ వాసుల్లో కొందరు, దీవి నివాసయోగ్యమన్న 1968 ప్రకటనను నమ్మి, 1970ల ఆరంభంలో తిరిగివచ్చారు. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు వచ్చింది. తిన్నవారి శరీరాల్లో సీజియం-137 పెరిగింది. 1978లో వారిని మళ్ళీ ఖాళీ చేయించారు. పగడపు మట్టిలో పొటాషియం తక్కువ. రసాయన స్వభావంలో దానిని పోలిన సీజియంను కొబ్బరి వేరు పోషకంగానే స్వీకరించింది. తరువాతి ప్రయోగాల్లో పొటాషియం ఎరువు వేయగా కాయల్లో సీజియం బాగా తగ్గింది. కోనసీమ రైతుకు చిరపరిచితమైన పొటాషే అక్కడ రక్షణోపాయమైంది. సీజియం అర్ధాయువు మాత్రం ఎప్పటిలా సుమారు 30 ఏళ్ళే.

తెలుగులో అణుభయానికి స్థిరపడిన ప్రతీక హిరోషిమా. 2019లో నల్లమల యురేనియం అన్వేషణపై నిరసన వెల్లువెత్తి, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. ఆ నిరసన న్యాయమైనదే; దానికి పుట్టగొడుగు మేఘాన్ని ప్రతీకగా వాడటమే అతకదు. కడప జిల్లా తుమ్మలపల్లిలో పేలుడు లేదు, టైలింగ్ పాండ్ ఉంది. యురేనియం తీసివేసినా ఖనిజపు రేడియోధార్మికతలో అధికభాగం ఆ వ్యర్థంలోనే మిగులుతుంది. అందులోని రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్ళు. నీటిలో కలిసిన యురేనియం మూత్రపిండాలకు రసాయన విషం కూడా. పరీక్షల ధూళిని గని వ్యర్థంతో సమానం చేయరాదు. మూలకాలు వేరు, మోతాదులు వేరు. రెండింటిలోనూ అడగవలసింది మాత్రం మట్టి నుంచి, నీటి నుంచి మనిషి దాకా సాగే దారి గురించే.

తుమ్మలపల్లి పరిసర గ్రామాల రైతుల ఫిర్యాదులు బోరునీటిని, ఎండిపోతున్న అరటితోటలను పేర్కొన్నాయి. పర్యావరణ సాహిత్య పరిశోధన ఇలాంటి ఫిర్యాదులను సాహిత్యేతర సమాచారంగా విడిచిపెట్టి, మేఘాన్ని వర్ణించే కవితలనే ఆధారాలుగా ఎంచుకోవడం పునఃపరిశీలించదగినది.